ఆకాశం కింద పార్టీ ఫిరాయింపులు

గోదావరి డెల్టాలో మనుషులను విడదీయడానికి ఇప్పటికే కావలసినన్ని కారణాలు ఉన్నాయి గనుక కొత్తదానిని వెతకనవసరం లేదని పెద్దలు అంటారు. అయినా ఒక విభేదాన్ని మన ప్రజాప్రతినిధులు గానీ, పండితులు గానీ, చివరికి పెళ్లిళ్ల పేరయ్యలు గానీ ఇంతవరకు పట్టించుకోకపోవడం శోచనీయం. పొద్దున్నే ఫెళ్లున ఎండ కాస్తే తప్ప ఒళ్లు లేవనివారు ఒక పక్షం. ఆకాశం బూడిదరంగులో మూసుకుపోయి చల్లగాలి తిరిగితే తప్ప మనసు కుదుటపడనివారు రెండో పక్షం. ఈ రెండు పక్షాలవారూ ఒకే ఇంట్లో, ఒకే ఫ్యాను రెగ్యులేటరును అటూ ఇటూ తిప్పుకుంటూ కాపురాలు చేస్తున్నారు. గణాలూ నాడులూ కుదిరాయని మురిసిపోయే వియ్యాలవారు, అమ్మాయికి ముసురు గిట్టుతుందా, అబ్బాయికి ఎండ గిట్టుతుందా అన్న ఒక్క మాట అడగకుండా ముహూర్తాలు పెట్టించేస్తున్నారు.

ఈ విషయంలో పాశ్చాత్యులు మనకంటే ముందున్నారని ఒప్పుకోక తప్పదు. 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరు టీనేజి పిల్లలనూ వారి తల్లులనూ తీసుకొని, వారి మనఃస్థితి రోజురోజుకూ ఎలా మారుతోందో అడిగి, ఆయా రోజుల వాతావరణంతో పోల్చి చూసి, మనుషులను నాలుగు తరగతులుగా తేల్చారు. వేసవిని ప్రేమించేవారు, వేసవిని ద్వేషించేవారు, వానను ద్వేషించేవారు, ఏదీ అంటనివారు అన్నవి ఆ తరగతులు. తల్లిది ఏ తరగతో పిల్లలదీ తరచు అదే తరగతి అయిందని కూడా గమనించారు. అత్తవారింటి నుంచి ఏమేమి సంక్రమిస్తాయో లెక్క వేసుకునే మన అల్లుళ్లు ఈ అంశాన్ని జాబితాలో చేర్చుకోవచ్చు. అయితే ఆ నాలుగింటిలో వానను ప్రేమించేవారికి విడిగా ఒక తరగతి లేదు. వాన పడుతుంటే వేడివేడి ఉల్లిపాయ పకోడీ దొరకని దేశంలో అంతకంటే ఏం ఆశించగలం?

అక్కడివారి బాధకు మూలం వేరు. చలికాలంలో పగలు కుంచించుకుపోయి దిగులు కమ్మే జబ్బును అమెరికాలో నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు 1984లో వర్ణించి, దానికి ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చోవడాన్ని వైద్యంగా సూచించారు. నెదర్లాండ్స్‌లో డిసెంబరు పగలు 8 గంటలకు తక్కువే ఉంటుంది. మనకు ఎంత పొట్టి పగలైనా సుమారు 11 గంటలకు తగ్గదు. పైగా సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి, మన నడినెత్తి మీదుగానే వెళతాడు. వెలుతురు చాలక దిగులు పడే అవకాశం డెల్టావాసికి ప్రకృతే ఇవ్వలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టిన నేల మీద కూర్చొని దీపం ముందు కూర్చునే వైద్యాన్ని గురించి చదవడం ఒక వినోదం.

మన బాధ ఉక్కపోత. పట్టిన చెమట ఆరిపోతేనే ఒంట్లో వేడి దిగుతుంది. సముద్రం, కాలువలు, చెరువులు, వరిచేలు అన్నీ కలిసి గాలిని నీటితో నింపేస్తే చెమట ఆరదు, కారుతుంది. కాబట్టి మెట్ట ప్రాంతంవాడు భరించే ఎండను డెల్టావాడు భరించలేకపోతే అది సుకుమారం అనుకోకూడదు. ఈ లెక్కన డెల్టా యావత్తూ మూకుమ్మడిగా మబ్బు పక్షంలో చేరిపోవాలి. చేరలేదు. ఎందుకు చేరలేదో విచారించగా ఈ వ్యాసకర్తకు తేలినదేమంటే, వాతావరణం మీద ఇష్టాయిష్టాలు మెదడులో ఎక్కడ పుడతాయో డచ్చివారికే తెలియాలి గానీ, మన దగ్గర మాత్రం అవి కల్లంలోనూ, చెరువు గట్టు మీదా, డాబా మీదా పుడతాయి. ఆకాశం కింద ఎవరి సరుకు ఏ స్థితిలో ఉందో అదే వారి అభిరుచి.

వరి రైతునే చూడండి. జూన్‌లో మృగశిర ప్రవేశించగానే ఆయన మబ్బు పక్షానికి జిల్లా స్థాయి నాయకుడు. ఆకుమడి తడవాలి, కాలువకు నీరు రావాలి, ఊడ్పులు సాగాలి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా రైతు తన నెత్తి మీది మబ్బు కోసం ఎదురుచూడనవసరం లేకపోయిందని చరిత్ర చెబుతుంది. నిజమే, అప్పటి నుంచి ఆయన ఇతరుల నెత్తి మీది మబ్బు కోసం ఎదురుచూస్తున్నాడు. ఎగువన నాసిక్ కొండల దగ్గర మొదలుకొని ఉపనది శబరి దాకా సమృద్ధిగా వర్షాలు పడాలి, ఇక్కడ మాత్రం ఎండ కాయాలి అన్నది ఆయన కోరదగిన ఏర్పాటు. ఆ ఎగువ వాన కొంచెం ఎక్కువైతే, 2022 జులైలో వలె, నది మధ్య లంక గ్రామాలవారు నెత్తిన ఎండ కాస్తున్నా నడుము లోతు నీటిలో పడవ కోసం నిలబడవలసి వస్తుంది. వారిని మీరు ఏ తరగతిలో వేస్తారో నెదర్లాండ్స్‌కు ఉత్తరం రాసి కనుక్కోవాలి.

అదే రైతు నవంబరు వచ్చేసరికి పార్టీ మారుస్తాడు. మారడమంటే రాజీనామా లేఖలు, విలేకరుల సమావేశాలు ఉండవు. రాత్రికి రాత్రి మారిపోతాడు. మిషన్ కోత కోసిన సార్వా (ఖరీఫ్) ధాన్యం పచ్చిగా ఉంటుంది. దానిని ఊరి రోడ్డు పక్కన ఒక వరుస పొడవునా పోసి, పాదాలతో చాళ్లు తీస్తూ, ఎండిన గింజను కిందికీ తడి గింజను పైకీ తెస్తూ రోజంతా తిరుగుతాడు. కొనుగోలు కేంద్రంలో గుప్పెడు గింజలు పోసి తేమ చూసే ఆ చిన్న యంత్రం 17 శాతం దాటి చూపిస్తే ధరలో కోత పెడతారు, లేదా ఇంకా ఆరబెట్టుకు రమ్మంటారు. అందుచేత ఆ వారమంతా ఆయనకు సూర్యభగవానుడి మీద ఉండే భక్తి మాఘమాసంలో రథసప్తమినాడు కూడా కనబడదు. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడుతుంది. అది వాయుగుండమై, కాకినాడ రేవులో ప్రమాద హెచ్చరిక నంబరు ఒక్కొక్కటే పెరుగుతుంటే, ఇక్కడ ధాన్యం మీద కప్పే బరకాల అద్దె కూడా అదే క్రమంలో పెరుగుతుంది.

అటువంటి ఒక మధ్యాహ్నం, పండక్కి ముందుగానే హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుడుగారు నడుచుకుంటూ రోడ్డు మీదికి వస్తారు. ఆకాశం ముదురు బూడిదరంగులో ఉంటుంది, తూర్పు నుంచి చల్లటి గాలి కొడుతూ ఉంటుంది. ఆయన చేతులు వెనక్కి విరిచి, గుండె నిండా గాలి పీల్చి, "క్లైమేట్ సూపర్‌గా ఉందండీ మామయ్యగారూ! మాకు అక్కడ దొరకదండీ ఇది" అంటారు. అల్లుడిని ఒక మాట అనడానికి మర్యాద ఒప్పుకోదు. మామగారు మోకాళ్ల మీద కూర్చొని ధాన్యం కుప్పకు ఎగదోస్తూనే, "ఆయ్, ఉంటదండి. కాస్త ఆ బరకం కొస పట్టుకుంటారేంటండీ" అంటారు. అల్లుడుగారు కొస పట్టుకొని, రెండో చేత్తో ఆకాశాన్ని ఫోటో తీస్తారు. వాతావరణాభిరుచుల మీద ఇంతకంటే సమగ్రమైన అధ్యయనం ఈ వ్యాసకర్త దృష్టికి రాలేదు.

వరి మొక్కకు కూడా ఈ విషయంలో స్పష్టమైన అభిప్రాయం ఉంది. దాళ్వా (రబీ) పంటలో సార్వా కంటే దిగుబడి ఎక్కువగా రావడానికి ఆ నెలల్లో నిర్మలంగా కాసే ఎండ ఒక ముఖ్య కారణం. మబ్బు పట్టి, మంచు కురిసి, చల్లబడితే అగ్గితెగులు వస్తుంది. అంటే డెల్టాలో పార్టీ ఫిరాయించని జీవి ఏదైనా ఉందంటే అది వరి ఒక్కటే అనుకోవచ్చు.

భీమవరం వైపు వెళితే వ్యవహారం ఇంకా సున్నితం. రొయ్యల చెరువులో నీటికి ఆకుపచ్చ రంగునిచ్చే సూక్ష్మమైన నాచు పగలు ఎండలో ప్రాణవాయువును తయారుచేసి నీటిలో కలుపుతుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి దానిని ఖర్చు పెడతాయి. పగలంతా మబ్బు పట్టి ఉంటే తయారీ తగ్గుతుంది, ఖర్చు తగ్గదు. తెల్లవారుజామున మూడు గంటలకు రైతు టార్చిలైటు పట్టుకొని గట్టు మీద నడుస్తూ, నీటి అంచున రొయ్య తేలిందేమోనని చూస్తాడు. వెలుగు పడగానే నీటి పైన ఎర్రటి చుక్కల్లా జంటజంటగా కళ్లు మెరిశాయంటే గుండె ఆగినంత పని. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు అన్నీ వేయమని కేకలు వేస్తాడు. అదే మబ్బు తెచ్చిన అదే గాలికి అప్పటికే కరెంటు పోయి ఉంటుంది. జనరేటరుకు డీజిలు పోయమని రెండో కేక. ఇటువంటివాడికి చిరుజల్లుల సౌందర్యాన్ని వర్ణిస్తూ వాట్సాప్‌లో శుభోదయం సందేశం పంపేవారిని చట్టం ఎందుకు ఉపేక్షిస్తోందో తెలియదు.

మే నెలలో ఇల్లిల్లూ ఎండ పక్షమే. ఆవకాయకు ఉప్పు, ఆవపిండి, కారం ఎండాలి, వడియాలు ఎండాలి, ఆత్రేయపురం వైపు మామిడి తాండ్ర పొర మీద పొర పోస్తూ రోజుల తరబడి ఎండబెట్టాలి. లోపల ఉక్కపోతకు ఒళ్లంతా పేలిన అత్తగారు విసనకర్ర ఊపుకుంటూనే, మబ్బు కాస్త అడ్డం వస్తే డాబా మీదికి పరుగెత్తి దానిని తిడతారు. శరీరం ఒక పార్టీ, వడియం ఇంకొక పార్టీ, వడియందే పైచేయి.

ఊడ్పులకు వంగిన ఆడకూలీలను అడిగితే, మసకగా ఉంటే నడుము మీద ఎండ కాలదని, పని చురుకుగా సాగుతుందని చెబుతారు. అదే మసక కోతల్లో వస్తే పనీ ఉండదు, కూలీ ఉండదు. గుంట మగ్గం మీద నేసేవారికి ముసురు పడితే గుంటలో నీరు ఊరుతుంది, పడుగుకు పెట్టిన గంజి ఆరదు. వీరి అభిప్రాయాన్ని ఇంతవరకు ఎవరూ సేకరించలేదు, ఎందుకంటే సేకరించేవారు వచ్చే వేళకు వీరు పనిలో ఉంటారు.

కోనసీమలో కాస్త వయసు వచ్చినవారి దగ్గర మాత్రం ఈ ప్రశ్న తేలికగా అడగకూడదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానును చూసినవారికి, కొబ్బరాకులు ఒకే దిక్కుకు తిరిగి ఆకాశం నల్లబడితే, అభిరుచి అన్న మాటకు చోటు ఉండదు. వారు ముందు పశువుల తాళ్లు విప్పుతారు.

మరి నిఖార్సయిన మబ్బు ప్రేమికులు ఎవరు? పరిశీలించగా వారికి స్లాబు ఇల్లు, ఇన్వర్టరు, ఒకటో తారీఖున జీతం ఉన్నట్టు, ఆరుబయట ఏమీ లేనట్టు తెలుస్తోంది. సెంటు భూమి లేని ఈ వ్యాసకర్త కూడా మొదటినుంచీ మబ్బు పక్షమే. బజ్జీల బండివాడు మాత్రం నిజాయితీపరుడు: పొద్దున ఎండలో కొబ్బరిబొండాలు కొట్టి, సాయంత్రం మబ్బు పట్టగానే మూకుడు పెడతాడు, రెండు ప్రభుత్వాలతోనూ సఖ్యంగా ఉంటాడు. ఇక సియాటిల్‌లో స్థిరపడిన అబ్బాయి, శీతాకాలమంతా అక్కడి మబ్బు చూసి చూసి విసిగి, డాక్టరు రాసిన విటమిన్ డి మాత్రలు మింగుతూ వీడియో కాల్ చేస్తాడు. "ఎండ మొహం చూసి వారమైందమ్మా" అంటాడు. మండపేటలో తల్లి ఫోనును ఆకాశం వైపు తిప్పి, "ఇక్కడ ఇంత ఎండ ఊరికే పోతోంది కదరా, కొంచెం పట్టుకెళ్లరాదూ" అంటుంది. వెనక నుంచి తండ్రి, "వాడినే కాస్త మబ్బు పంపమనవే" అంటాడు.

మరొక పరిశోధన ఉంది. 1983లో అమెరికాలో ష్వార్జ్, క్లోర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫోను చేసి, మీ జీవితం మీకు తృప్తిగా ఉందా అని అడిగితే, ఎండ కాసే రోజున ఎక్కువ తృప్తి, వాన రోజున తక్కువ తృప్తి వినిపించింది. కానీ ముందుగా మీ దగ్గర వాతావరణం ఎలా ఉందని అడిగి, ఆ తరువాత జీవితం సంగతి అడిగితే ఆ తేడా మాయమైంది. డెల్టాలో చావు కబురు చెప్పే ఫోను కూడా "అటు వర్షం ఏవైనా పడిందాండీ?" అనే మొదలవుతుంది కాబట్టి, మన తృప్తిని కొలిచే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదనే చెప్పాలి.

అందుచేత ప్రభుత్వం వెంటనే ఒక సంఘాన్ని నియమించి, మండలానికొక్కటి చొప్పున ఆకాశాన్ని వంతులవారీగా కేటాయించాలని ఈ వ్యాసకర్త ప్రతిపాదిస్తున్నాడు. అధ్యక్షుడు నిష్పక్షపాతి కావాలి గనుక, ఆరుబయట ధాన్యం గానీ, చెరువు గానీ, తాండ్ర గానీ, ఉతికిన బట్టలు గానీ లేనివారే అర్హులని నిబంధన పెట్టాలి. అటువంటివారి కోసం నాలుగు మండలాలు గాలించగా దొరికిన ఒక్క పెద్దమనిషి ప్రస్తుతం కొడుకు దగ్గర హైదరాబాదులో ఉంటున్నారు. బాధ్యత స్వీకరించడానికి అభ్యంతరం లేదు గానీ, ఇక్కడ వానలు తగ్గాక వస్తానన్నారు. ఈ వ్యాసకర్త పేరు కూడా పరిశీలనకు వచ్చింది. డాబా మీద మా అత్తగారి అప్పడాలు ఉన్నట్టు ఎదురింటివారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడంతో దానిని కొట్టివేశారు.