రాష్ట్ర పుష్పం తంగేడు గారికి ఒక విన్నపం

తంగేడు గారికి,

నమస్కారాలు. 2014లో మీకు తెలంగాణ రాష్ట్ర పుష్పం పదవి వచ్చింది. పాలపిట్ట, జింక, జమ్మిచెట్టు కూడా మీతోపాటే కొలువెక్కాయి. ఇన్నేళ్లయినా మీలో పదవిలో ఉన్నవాళ్ల లక్షణం ఒక్కటీ కనబడదు. ఇంకా చెరువు కట్టల మీద, గుట్టల పక్కన, మొరం నేలలోనే కాపురం.

తప్పు మీదేనండీ. మీరు నీళ్లు అడగరు. అడిగితే కదా ట్యాంకర్ పెట్టేది, ట్యాంకర్ పెడితే కదా బిల్లు రాసేది! ఎరువూ వద్దంటారు. ఊరికే మొలిచే మొక్కకు టెండరు ఎట్లా పిలుస్తారు? హైవే మధ్యలో బోగన్‌విలియా గారిని చూసి నేర్చుకోండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చి, ఫ్రెంచి నావికుడి పేరు పెట్టుకుని, పొద్దున్నే ట్యాంకర్ నీళ్లతో స్నానం చేస్తున్నారు. కోనోకార్పస్ గారైతే ఇంకా ఘనులు. నాటడానికి ఒక ఖర్చు, వద్దనుకున్నాక కొట్టేయడానికి ఇంకో ఖర్చు. రెండు పద్దులు పడే చెట్టు ఎవరికి చేదు?

మీ సర్వీసు తక్కువదని కాదు. మీ బెరడులోని వగరుతోనే ఒకప్పుడు చెప్పులకూ మోట బొక్కెనలకూ తోళ్లు పదును చేశారు. మద్రాసు వైపు తోళ్ల కర్మాగారాలు కూడా మీ చెక్కతోనే నడిచాయి. ఆఫ్రికా తుమ్మ చెక్క, క్రోమ్ మందు వచ్చాక పలకరించినవాడు లేడు. మీ రొట్ట పొలంలో తొక్కారు, మీ పుల్లతో పళ్లు తోముకున్నారు. ఇప్పుడు మీ పూలు ఎండబెట్టి, డబ్బాలో పోసి, షుగర్‌కు మంచి టీ అంటూ అమ్ముతున్నారు. తాగేవాడికి మీ మొహం తెలియదు.

అన్నట్టు, మీ పువ్వులో తేనె ఉండదట. తుమ్మెద వచ్చి ఝుమ్మని కుదిపితేనే పుప్పొడి రాలుతుందట. మీలో ఉన్న ఆఫీసు లక్షణం ఇదొక్కటే.

పోయినేడు మీకోసం నర్సరీకి వెళ్లాను. "రాష్ట్ర పుష్పం ఉందా?" అంటే కుర్రాడు బిత్తరపోయి లోపలికి కేకేశాడు. "తంగేడు" అన్నాక నవ్వాడు. "అది పిచ్చి చెట్టు సార్, ఎవరు పెంచుతరు? థాయిలాండ్ గన్నేరు వచ్చింది, చూస్తరా?"

సద్దుల బతుకమ్మ ముందురోజు అమ్మను మార్కెట్‌కు తీసుకెళ్లాను. గునుగు పక్కనే మీరు, రబ్బరు బ్యాండు వేసిన కట్టలో, సగం రేకులు రాలి ఉన్నారు. కట్ట యాభై. అమ్మ ఆ కట్టను చేతిలో తిప్పి తిప్పి చూసింది. "తంగేడు పువ్వు గూడ కొనుడేందిరా? గుట్టకు పోయి ఒడి నింపుకొస్తుంటిమి." ఆ గుట్ట ఇప్పుడు ఓ గేటెడ్ కమ్యూనిటీ. పేరులో మాత్రం 'గ్రీన్' ఉంది. అమ్మ నాలుగు కట్టలు కొని, పళ్లెంలో ముందు మిమ్మల్నే పేర్చింది. ఆ తొమ్మిది రోజులే మీ పదవీకాలం అనుకోండి.

ఎండిన కాయలు ఊరి నుంచి తెచ్చి, గింజలు బండకు రాకి, తొలకరికి మా అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ ప్లాటులో చల్లాను. పైపెంకు గట్టిది, రాకకపోతే సరిగా మొలవదు. పదకొండు మొలిచాయి. అంతకుముందు బాల్కనీ కుండీలో పెట్టి రోజూ నీళ్లు పోస్తే, మీరు వారానికే వేరు కుళ్లి పోయారు. మర్యాద పడని ప్రాణం.

నిన్న ఆ ప్లాటులోకి 'పిచ్చి మొక్కలు' తీయడానికి జేసీబీ వచ్చింది. అడ్డం వెళ్లి, ఇది రాష్ట్ర పుష్పమయ్యా అన్నాను. డ్రైవర్ ఇంజిన్ ఆపి, కిందికి దిగి, మిమ్మల్ని చుట్టూ తిరిగి చూశాడు.

"బోర్డు ఏదన్నా పెట్టిండ్రా సార్?" అన్నాడు.

ఇట్లు,
మీ పదకొండు మొక్కల పూచీదారు