సీసాలో వస్తేనే వైద్యమా?

గాజువాకలో మాకు బాగా తెలిసినవాళ్ల ఇంట్లో ఫ్రిజ్ మీద నాలుగు చిన్న ప్లాస్టిక్ సీసాలు ఉండేవి. లోపల తెల్లటి పంచదార గుళికలు, మూత తీస్తే కాస్త స్పిరిట్ వాసన. పొద్దున నాలుగు, మధ్యాహ్నం నాలుగు, రాత్రి నాలుగు. బాబుకి అప్పటికి మూడేళ్లు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు, కావలసింది వేలు పెట్టి చూపించడు. బొమ్మ కారు తిరగేసి, చక్రం తిప్పుకుంటూ గంటసేపు కూర్చుంటాడు. ఆటిజం అని పిల్లల డాక్టరు రెండేళ్ల వయసులోనే చెప్పారు. మధ్యలో ఉన్న ఏడాదంతా ఆ సీసాలే మింగేశాయి.

ఆటిజానికి హోమియో గుళికలు పనిచేయవు. ఈ మాట మెత్తగా చెప్పే ఉద్దేశం నాకు లేదు. జర్మనీ డాక్టరు హానిమన్ 1796లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో మందును ఒకటికి వంద వంతులు పలచన చేస్తారు, దాన్ని మళ్లీ వంద వంతులు, మళ్లీ వంద వంతులు. సీసా మీద 30సి అని ఉందంటే అలా ముప్పై సార్లు చేశారని లెక్క. అంటే ఒకటి పక్కన అరవై సున్నాలు. పన్నెండో సారి దాటేసరికే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం కష్టం. ‘పొటెన్సీ పెంచాం’, అంటే మందు బలం పెంచాం, అని డాక్టరు గారు చెబితే మనం సంతోషిస్తాం గానీ, పెంచింది నీళ్లనే. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి పాత అధ్యయనాలు తిరగేసి, హోమియోపతి పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం ఏ జబ్బు విషయంలోనూ లేదని 2015లో తేల్చింది. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవల విభాగం 2017లో ఈ మందులు రాయడం ఆపమని తన డాక్టర్లకు సూచించింది. ఇదంతా మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు.

‘సైడ్ ఎఫెక్ట్స్ లేవు కదా, వాడితే పోయేదేముంది?’ అనేవాళ్లున్నారు. ‘మా అబ్బాయికి ఆరు నెలల్లో మార్పు వచ్చింది’ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మూడేళ్ల పిల్లాడు ఆరు నెలల్లో ఎదుగుతాడు, ఆటిజం ఉన్నా ఎదుగుతాడు. ఆ ఎదుగుదల ఖాతా సీసా పేరు మీద రాసుకుంటున్నారు. పిల్లాడు బాగుంటే మందు గొప్పదనం, అల్లరి పెరిగితే ‘మందు లోపల పనిచేయడం మొదలైంది, భయపడకండి’. ఎటు తిరిగినా గెలిచేది సీసాయే. పోయేదేముంది అంటారా? ఆ ఏడాది పోయింది. మాట, చూపు, ఆట నేర్పడానికి పిల్లల మెదడు బాగా లొంగే ఏడాది అది.

హోమియో డాక్టరు దగ్గరికి తల్లిదండ్రులు ఎందుకు వెళ్తారో నాకు తెలుసు. అక్కడ గంటసేపు కూర్చోబెట్టి అడుగుతారు: గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నావమ్మా, బాబు ఏ పక్కకి తిరిగి పడుకుంటాడు, చీకటంటే భయమా, ఉప్పు ఇష్టమా తీపి ఇష్టమా? పెద్దాసుపత్రి ఓపీలో అంత తీరికగా ఎవరు వింటారు? పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో అయినా అయిదు నిమిషాల్లో ‘ఆటిజం, దీనికి మందు లేదు, థెరపీ చేయించండి’ అనేసి తర్వాతి టోకెన్ పిలుస్తారు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజమే. అల్లోపతిలో కూడా ఆటిజాన్ని తీసేసే మాత్ర లేదు. విపరీతమైన చిరాకు, తనను తాను కొట్టుకోవడం లాంటివి ఉంటే తగ్గించడానికి రిస్పెరిడోన్ లాంటివి రాస్తారు, అంతే. కానీ మందు లేదన్న మాట విన్న తల్లి ఇంటికి ఏం పట్టుకెళ్లాలి? అత్తగారు గుమ్మంలోనే నిలబడి ‘ఏటన్నారు? మందిచ్చారా?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు చూపించడానికి చేతిలో ఒక సీసా కావాలి.

చివరికి ఆ తల్లి స్పీచ్ థెరపీ కూడా మొదలుపెట్టింది. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఎంవీపీ కాలనీకి ఆటో. ఒకరోజు తోడుగా నేనూ వెళ్లాను. థెరపిస్టు, పాతికేళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి, చాప మీద బాబు ఎదురుగా కూర్చుని సబ్బు బుడగలు ఊదింది. వాడు నవ్వాడు. వెంటనే సీసా మూత బిగించి చేతిలో పట్టుకుని ఊరికే కూర్చుంది. వాడు సీసా లాగాడు, ఇవ్వలేదు. కేకపెట్టాడు, ఇవ్వలేదు. కాసేపటికి ఒక్క క్షణం, కళ్లెత్తి ఆ అమ్మాయి మొహంలోకి చూశాడు. ‘ఊదనా?’ అంటూ వెంటనే ఊదింది. ఆ ఒక్క చూపు కోసం గంటలో అలా ముప్పై నలభై సార్లు చేసింది. బయట కూర్చున్న వాళ్ల నాన్న నాతో అన్నమాట: ‘బుడగలు ఊదడానికి గంటకింత తీసుకుంటున్నారండీ!’

గుళికల సంగతి విన్నాక ఆ అమ్మాయి నవ్వి, ‘సీసా వాడికి అందని చోట పెట్టండమ్మా, అడిగేదాకా ఇవ్వకండి’ అని చెప్పింది. తీపి కదా, వాడికి గుళికలంటే ప్రాణం. రెండు నెలలకి వాడు ఫ్రిజ్ కింద నిలబడి ‘ఇవ్వు’ అన్నాడు. మొదటి మాట! ఇల్లంతా సంబరం. తండ్రి నాకు ఫోన్ చేసి, ‘చూశారా, మందు పనిచేస్తోంది’ అన్నారు. నేనేం మాట్లాడను? తర్వాత సీసాలు అయిపోతే తల్లి హోమియో మందుల షాపులో మందు కలపని వట్టి గుళికలు కొనుక్కొచ్చింది. వాడు వాటికీ ‘ఇవ్వు’ అనే అన్నాడు.

నా అసలు కోపం హోమియో మీద కూడా కాదు. నేర్పడాన్ని మనం వైద్యంగా లెక్కపెట్టం, అసలు పనిగానే లెక్కపెట్టం. సీసాలోనో, సూదిలోనో, స్కానింగ్ కాగితం మీదో వస్తేనే మనకది చికిత్స. ఒక మనిషి కింద కూర్చుని, ఓపికగా, వందసార్లు చేసిందే చేస్తే అది ‘ఆడించడం’. అంగన్‌వాడీ టీచరు నుంచి బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్ దాకా అందరిదీ ఇదే కథ. పిల్లల్ని మార్చే పని చేసేవాళ్లకే జీతాలు తక్కువ, మర్యాద ఇంకా తక్కువ. ఉద్యోగం మానేసి ఇంట్లో ఇదే పని రోజంతా చేసే తల్లిని ‘ఖాళీగా ఉంటుంది’ అంటాం.

కాగితం మీద దారులు లేకపోలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. కేంద్రం నడిపే నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, అందులో థెరపీ ఖర్చులకూ కొంత ఉంటుంది. దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి. ‘సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడిపోతుంది, ఈ మందుతో తగ్గిపోతుందేమో చూద్దాం’ అని ఆగిపోయేవాళ్లు మా చుట్టుపక్కలే ముగ్గురున్నారు. ఇక మాయమందుల ప్రకటనలను అడ్డుకునే చట్టం 1954 నాటిది. నయం చేస్తామని ప్రచారం చేయకూడదని అది పేర్లు పెట్టి చెప్పిన జబ్బుల జాబితాలో ఆటిజం లేదు. ‘శాశ్వత పరిష్కారం’ అనే బోర్డులకు అంత ధైర్యం ఊరికే రాలేదు.

ఆ నాన్నగారు మంచి మనిషి, పిల్లాడి కోసం ఏదైనా చేస్తారు. గుళికల కోసం ఏడాది ప్యాకేజీ మొత్తం ఒకేసారి కట్టేశారు, రసీదు కూడా అడగలేదు. మొన్న సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజులు థెరపీకి పంపలేదు. తిరిగొచ్చాక, ఆ నాలుగు రోజుల డబ్బులు తగ్గించుకోమని ఆ అమ్మాయిని అడిగారు. తగ్గించుకుంది.