వేడినీళ్లు లేవా? యెస్ సార్!

మహారాజశ్రీ ఇంగ్లిష్ నెగెటివ్ క్వశ్చన్ గారికి,

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్‌లో కూర్చునే నేను నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరు క్షేమంగా లేరా అని మాత్రం అడగను. మీరు యెస్ అంటే ఏమనుకోవాలో నాకు ఈ జన్మకు తేలదు.

ధనుర్మాసం, తెల్లవారుజామున మూడు గంటలు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దాయన 'ఈజంట్ దేర్ హాట్ వాటర్?' అన్నాడు. గీజరు కాలిపోయి రెండు రోజులైంది. 'యెస్ సార్' అన్నాను. వేడినీళ్లు లేవా అంటే, అవును, లేవు అనే కదా! ఆయన సంతోషంగా పైకెళ్లి, తువ్వాలు కట్టుకుని, కుళాయి తిప్పి నిలబడ్డాడు. గోవిందనామాలు మొదట భక్తితో వినిపించాయి, తర్వాత వణుకుతో. కిందికొచ్చి నన్ను తిట్టిన తిట్లలో మాత్రం నెగెటివ్ క్వశ్చన్ ఒక్కటీ లేదు.

మా 'అవును' అడిగిన మనిషికి జవాబు. మీ 'యెస్' నీళ్లకు జవాబు. నీళ్లుంటే యెస్, లేకుంటే నో. మనిషి ఎట్లా అడిగాడన్నది మీకు అక్కర్లేదు. ఒకప్పుడు మీ ఇంట్లోనూ ఇంత అన్యాయం లేదు. మామూలు ప్రశ్నకు 'యే', 'నే' అనీ, కాదంటూ అడిగితే 'యెస్', 'నో' అనీ నాలుగు మాటలుండేవి. బైబిలును ఇంగ్లిష్‌లోకి తెచ్చిన టిండేల్, 'నే' అనాల్సిన చోట 'నో' రాశాడని 1532లో ఇంగ్లండు పండితుడు థామస్ మోర్ తప్పుపట్టాడు కూడా. తర్వాత రెండు మాటలు పారేసుకున్నది మీరు, చన్నీళ్లు మా గెస్టుకు. ఫ్రెంచివాళ్లు నయం, ఇట్లాంటి ప్రశ్నను కాదనడానికి 'సి' అని విడిగా ఒకటి దాచుకున్నారు.

మీ క్యూ పద్ధతి ఇంకో విడ్డూరం. 'నాట్' పొట్టిదై క్రియకు అతుక్కుంటే వీఐపీ బ్రేక్ దర్శనమే, 'యూ'ని దాటి ముందుకెళ్తుంది: 'డోంట్ యూ నో?' పూర్తి పేరుతో వస్తే సర్వదర్శనం క్యూలో 'యూ' వెనకే నిలబడాలి: 'డూ యూ నాట్ నో?' పదో తరగతిలో 'డూ నాట్ యూ నో' అని రాసి మార్కులు పోగొట్టుకున్నా. ఈ సిఫారసు లేఖల సంగతి అప్పుడెవరూ చెప్పలేదు. ఇక 'ఆరంట్ ఐ' అట! ఒక్కణ్ణి నేను, నాకు 'ఆర్' అంటే గారు తగిలించినట్టుంది.

ఇప్పుడు యెస్, నో రెండూ మానేశా. 'నో హాట్ వాటర్ సార్, ఫైవ్ టు సెవెన్ ఓన్లీ' అని మొత్తం అప్పజెప్తున్నా. నిన్న మాత్రం ఒకాయన 'డోంట్ యూ స్పీక్ ఇంగ్లిష్?' అంటే అలవాటుగా 'యెస్ సార్' అనేశా. ఆయన ఏ అర్థం తీసుకున్నాడో గానీ, మిగతాదంతా చేతులతోనే అడిగాడు.

ఇట్లు,
మీ బాధితుడు