పేరు అడిగితే నోరు అదుపులో ఉంటుందా?

వెబ్‌సైట్లలో వార్తల కింద కామెంట్లలో బూతులు పెరిగినప్పుడల్లా ఒకటే సలహా వినిపిస్తుంది: ముసుగు తీయించండి, అసలు పేరుతో రాయమంటే అందరూ దారికొస్తారని. దక్షిణ కొరియా ఈ పని చట్టం చేసి మరీ చూసింది. 2007 నుంచి అక్కడి పెద్ద వెబ్‌సైట్లలో కామెంటు రాయాలంటే తానెవరో ముందు నిరూపించుకోవాల్సి వచ్చింది. 2009లో యూట్యూబ్ ఆ షరతుకు ఒప్పుకోక, కొరియా పేజీలో వీడియోలు, కామెంట్లు పెట్టే వీలునే ఎత్తేసింది. సెట్టింగ్స్‌లో దేశం పేరు మార్చుకుంటే మాత్రం యథాప్రకారం రాసుకోవచ్చు! అడిగి తీసుకున్న వివరాలను ఎక్కడో దాచాలి కదా: 2011లో అక్కడి నేట్, సైవరల్డ్ సైట్ల మీద హ్యాకర్లు పడి సుమారు 3.5 కోట్ల ఖాతాల వివరాలు ఎత్తుకుపోయారు. చివరికి 2012 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. దానివల్ల అక్రమ రాతలు చెప్పుకోదగ్గంతగా తగ్గిన దాఖలా లేదంది.

నాకిందులో ఆశ్చర్యమేమీ లేదు. సొంత పేరు, పక్కన పిల్లల ఫొటో పెట్టుకుని మరీ తిట్టేవాళ్లను రోజూ చూస్తున్నాం కదా. పేరు అడిగితే ముందు తప్పుకునేది వాళ్లు కాదు, తన ఆఫీసులో జరుగుతున్న అవకతవకలు చెప్పాలనుకున్న గుమాస్తా. అచ్చు పత్రికల లేఖల విభాగాలకు ఈ తేడా ఎప్పుడో తెలుసు: పేరు, చిరునామా సంపాదకుడికి తెలిస్తే చాలు, కోరితే అచ్చులో వేయరు. పైగా మారుపేరంటే పేరు లేకపోవడం కాదు. ఐదేళ్లుగా ఒకే మారుపేరుతో రాస్తున్న మనిషికి ఆ పేరు మీదా పరువుంటుంది.

2016లో బ్రిటన్‌కు చెందిన గార్డియన్ పత్రిక తన సైట్‌లోని 7 కోట్ల కామెంట్లను పరిశీలించింది. ఎక్కువ తిట్లు తిన్న పదిమంది రచయితల్లో ఎనిమిది మంది మహిళలు, మిగతా ఇద్దరూ నల్లజాతి పురుషులు. అందరికన్నా తక్కువ తిన్న పదిమందీ మగవాళ్లే. అంటే తిట్టేవాడు చదివింది వ్యాసం కాదు, దాని పైనున్న పేరు.

మరి యంత్రానికి అప్పగిస్తే? "అబ్బో, మీ అంత తెలివి మాకెక్కడిది సార్" అన్న కామెంటునే తీసుకోండి. ఒక్క చెడ్డ మాట లేదు, ఫిల్టర్ దర్జాగా పంపించేస్తుంది. తనను ఎవడో ఏమన్నాడో చెప్పుకుందామని ఆ తిట్టును ఉన్నదున్నట్టు రాసిన అమ్మాయి కామెంటు మాత్రం ఆగిపోతుంది. అక్షరాల మధ్య చుక్కలు పెట్టి రాసిన బూతు షరా మామూలుగా దాటిపోతుంది. వీటిని విడదీయాలంటే మనిషి కావాలి, మనిషికి జీతం కావాలి. 2016 నాటికి న్యూయార్క్ టైమ్స్‌లో 14 మంది మోడరేటర్లు, అంటే కామెంట్లను వడపోసే ఉద్యోగులు, రోజుకు 11,000 కామెంట్లు చదివేవారు, అంటే తలా 800 దాకా. అంత చేసినా కామెంట్లకు తెరిచింది పదోవంతు వ్యాసాలనే. పాపులర్ సైన్స్ పత్రిక 2013లో, రాయిటర్స్ వార్తా సంస్థ తన వార్తల కింద 2014లో, అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ 2016లో కామెంట్లు మూసేశాయి. చర్చ సోషల్ మీడియాకు మారిందని కొందరన్నారు. చాకిరీ తప్పించుకోవడం కూడా అందులో ఉందని నా అనుమానం.

ఎస్టోనియాలో డెల్ఫీ అనే వార్తా పోర్టల్ అలా తప్పించుకోలేకపోయింది. 2006 జనవరిలో ఒక ఫెర్రీ (ఓడ సర్వీసు) కంపెనీ, గడ్డకట్టిన సముద్రం మీద వేసే మంచు రోడ్లను పాడుచేసిందని అది వార్త వేస్తే 185 కామెంట్లొచ్చాయి. వాటిలో ఇరవై దాకా ఆ కంపెనీ యజమాని మీద బెదిరింపులు, బూతులు. డెల్ఫీకి బూతు మాటల్ని పట్టే ఫిల్టర్ ఉంది, ఫిర్యాదు చేసే బటనూ ఉంది. అయినా ఆ కామెంట్లు ఆరు వారాలు అలాగే ఉండిపోయాయి. ఆ యజమాని లాయర్లు లేఖ రాస్తే అదే రోజు తీసేశారు. తర్వాత ఎస్టోనియా కోర్టు డెల్ఫీకి వేసిన పరిహారం 320 యూరోలు, ఒక మంచి ఫోను కూడా రాదు. కానీ బాధ్యత పోర్టల్‌దేనన్న తీర్పు తప్పు కాదని 2015లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా తేల్చింది. ఈలోగా 2009లోనే డెల్ఫీ కామెంట్లు చూడటానికి మనుషుల్ని పెట్టుకుంది. పేరు చెప్పకుండా రాసే వీలును మాత్రం తీసేయలేదు.