నాలుక తరఫున బ్రోకా ప్రాంతానికి ఒక విన్నపం

ఎడమ కణత లోపల, మెదడులో కొలువుదీరి మాటను కూర్చే బ్రోకా ప్రాంతం వారి సముఖమునకు,

నరం లేని నాలుక ఎటు తిప్పితే అటు తిరుగుతుందని మేము తరతరాలుగా దాన్ని ఆడిపోసుకుంటున్నాం. నిజానికి దాన్ని కదపడానికి 12వ కపాల నాడి, ముందు భాగంలో స్పర్శకు 5వది, రుచికి 7వది, వెనుక భాగం బాగోగులకు 9వది పనిచేస్తున్నాయి. ఇన్ని నరాలున్నదానికి ఇంత అపవాదు వస్తుంటే, మాటను కూర్చి పంపే తమరు ఒక్కనాడూ ఆ తప్పు నాదని ముందుకు రాలేదు.

1861 దాకా తమరి చిరునామాయే ఎవరికీ సరిగా తెలియదు. పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్న లెబోర్న్ అనే రోగి, ఎదుటివారి మాటలు చాలావరకు గ్రహిస్తూనే, ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు. అతడు మరణించాక ఫ్రెంచ్ వైద్యుడు పాల్ బ్రోకా అతని మెదడును పరీక్షించి, దెబ్బతిన్న తమరి స్థలాన్ని గుర్తించారు. అయితే కోపం వస్తే అతని నోట ఒక తిట్టు మాత్రం స్పష్టంగా వచ్చేదట. అంటే తిట్టుకు తమరి సంతకం అంతగా అక్కర్లేదన్నమాట. మా బంధువులు కొందరి విషయంలో ఈ అనుమానం నాకు ముందునుంచీ ఉంది.

తమరు కొలువున్న మెదడులో కచేరీల అమరిక కూడా విచిత్రమే. కళ్లు ముందుంటే చూపు శాఖ తల వెనుక ఉంది, కుడిచేతి స్పర్శ లెక్కలు ఎడమవైపున రాస్తారు. మాంట్రియల్‌లో మెదడు శస్త్రవైద్యులు పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ 1937లో ప్రకటించిన మెదడు పటం ప్రకారం స్పర్శ భూముల్లో పెద్ద కమతాలు పెదవులకు, వేళ్లకు దక్కాయి; మూటలు మోసే వీపుకు మాత్రం గట్టుమీద ఓ చెక్క. చెవిన పడ్డ మాటకు అర్థం చెప్పే వెర్నికె ప్రాంతం, 1874లో వెలుగులోకి వచ్చిన తమరి పొరుగువారు, దెబ్బతింటే మాట ధారాళంగా సాగుతుంది గానీ అందులో అర్థం నిలవదు. ఏ దెబ్బా తగలనివారు మైకు అందగానే అదే ఫలితం ఎలా సాధిస్తారో తమరే విచారించాలి.

అసలు అభియోగం ఇది. మెదడుపై ఎలక్ట్రోడ్లు పెట్టి గమనించిన పరిశోధకులు 2015లో తేల్చినదేమిటంటే, మాట బయటికి రాకముందు చురుగ్గా ఉండే తమరు, అది నోట పలుకుతున్న వేళకు దాదాపు మౌనం వహిస్తారట. కాగితం కింది శాఖకు పంపి, కుర్చీ ఖాళీ చేసే పద్ధతి మాకు కొత్త కాదు. కానీ అనకూడని మాట తమరు పంపినప్పుడు, మేము కరుచుకుంటున్నది నాలుకను.