పర్యావరణ డిగ్రీ: ఎంత దూరమైతే అంత విలువ

ప్లస్ టూ ఫలితాలు రాగానే ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురంలోని మన తెలుగిళ్లకు కొత్త టెన్షన్ పట్టుకుంది. పిల్లలు పర్యావరణం చదువుతామంటున్నారు. ‘దానికి చదువేటిరా, తలుపు తీస్తే కనిపిస్తుంది కదా’ అనే పెదనాన్నల మాటకు ఇప్పుడు విలువ లేదు. కోర్సును శాస్త్రీయంగా ఎంచుకోవాలి. అందుకు నా దగ్గర ఒకే సూత్రం ఉంది: కాలేజీ పర్యావరణానికి ఎంత దూరంగా ఉంటే డిగ్రీకి అంత విలువ.

గంజాం తీరమే తీసుకోండి. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. అక్కడి నోలియాలు, అంటే మన తెలుగు మత్స్యకారులు, నవంబర్ 1 నుంచి మే 31 వరకు ఆ ముఖద్వారం దగ్గర తీరానికి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటకు వెళ్లకూడదు. నిషేధం కడుపును ఎలా మాడుస్తుందో, పొడంపేట లాంటి ఊరిని సముద్రం ఎలా మింగిందో వాళ్ల పిల్లలకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. దీన్ని ఎవరూ చదువనరు. అదే పిల్లాడు లక్షలు కట్టి, ఏ మహానగరంలోనో ఏసీ గదిలో కూర్చుని అదే తాబేలును స్లైడు మీద చూస్తే అది ‘తీరప్రాంత జీవవైవిధ్య నిర్వహణ’. నాలుగు క్రెడిట్లు. తర్వాత ఫీల్డ్ ట్రిప్ పేరుతో వాణ్ని వాడి ఊరికే తీసుకొస్తారు, ఛార్జీలు అదనం. అక్కడ నాన్న చెప్పిందంతా రాసుకుని, నివేదికలో ఆయన పేరు బదులు ‘రెస్పాండెంట్ నంబర్ 7’ అని పెడితే ‘ఏ’ గ్రేడు ఖాయం.

ఒడిశాలోని నియమగిరి కొండల సంగతి మరీ ఘోరం. అక్కడ బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వాలా వద్దా గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు అంది. పన్నెండు సభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. చేతులెత్తిన అక్కడి డోంగ్రియా కోందు గిరిజనుల్లో ఒక్కరినీ మార్కుల షీటు అడగలేదు. ఇంత పెద్ద విధాన నిర్ణయం డిగ్రీ లేనివాళ్ల చేతుల్లో పెడితే ఎమ్మెస్సీలు ఏమైపోవాలి?

కోర్సుల్లోనూ రకాలున్నాయి. ఎన్విరాన్‌మెంటల్ సైన్సులో కెమిస్ట్రీ, లాబ్ ఎక్కువ. స్టడీసులో చట్టాలు, విధానాలు, సమాజం. ఇంజినీరింగులో మురుగునీటి శుద్ధి. మూడింటి ఉద్యోగాలు వేర్వేరు. అయితే బంధువులకు మూడూ ఒకటే, ‘ఆ మొక్కల చదువు’. కాబట్టి ఈ తేడాల్లోకి మనం వెళ్లనక్కర్లేదు. జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల పని) నేర్పుతారా, బీఓడీ (నీటి కాలుష్యం కొలిచే) పరీక్షకు ఇంక్యుబేటరు పనిచేస్తోందా లాంటి ప్రశ్నలు అడిగి కాలేజీవాళ్లను ఇబ్బంది పెట్టకండి. హాస్టల్లో గీజరు పనిచేస్తుందా అని అడగండి. వాళ్లు సంతోషంగా చెబుతారు.

దగ్గర్లో కొరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీవవైవిధ్యానికి ఒక విభాగమే ఉంది. నా సూత్రం ప్రకారం అది మొదటి రౌండులోనే ఔట్. తూర్పు కనుమల్లో కూర్చుని తూర్పు కనుమల గురించి చదివితే వీధిలో ఏమని చెప్పుకుంటాం?

‘ఇంతా చదివి ఏం చేస్తాడు?’ అని మేనమామలు అడుగుతారు. గనులకు, ఫ్యాక్టరీలకు పర్యావరణ ప్రభావ నివేదికలు రాస్తాడు. కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం అనుమతికి అది తప్పనిసరి కనుక పనికి లోటుండదు. దూరపు చదువు అసలు అక్కరకొచ్చేది అక్కడే. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని కోసం తయారైన నివేదికలో, రష్యా గని నివేదిక నుంచి ఎత్తిరాసిన భాగాలు బయటపడ్డాయి. అలా రత్నగిరి ఉన్న కొంకణంలో చలిదేశాల స్ప్రూస్, బర్చ్ అడవులు మొలిచాయి. అక్కడికి వెళ్లి చూసొచ్చినవాడికి మామిడి, జీడి తప్ప ఏం దొరుకుతాయి? మన పిల్లాడు ఆ స్థాయికి ఎదగాలంటే, పొరపాటున కూడా గని దగ్గరికి పోనివ్వకండి.