ఐసీ మీద పేరు గీకితే ఆగేదెవరు?

బోర్డు మీద ఐదు కాళ్ల ఐసీ, అంటే చిప్, ఒకటి కాలిపోయింది. నెత్తి మీద ఒక్క అక్షరం లేదు. టార్చి వాలుగా పట్టి చూస్తే ఒకే దిక్కుకు సాగిన సన్నటి గీతలు కనిపించాయి. అంటే అచ్చు అరిగిపోలేదు, పనిగట్టుకుని గరుకు కాగితంతో గీకేశారు. కొందరు లేజర్‌తో కాల్చేస్తారు, కొందరు నల్ల పూత పూస్తారు. మరీ చవక వస్తువుల్లో చిప్పుకు ప్యాకేజీయే ఉండదు, బోర్డు మీద నల్లటి ఎపాక్సీ బొట్టు ఉంటుందంతే. ఆ బొట్టులో మాత్రం దాపరికం కంటే పొదుపే ఎక్కువ.

డిజైన్‌ను ఎవరూ కాపీ కొట్టకుండా ఇలా చేస్తామంటారు తయారీదారులు. ఈ మాట నాకు మింగుడుపడదు. గీకుడు వల్ల ఆగేది కాపీ కొట్టేవాడు కాదు, రిపేరు చేసేవాడు. వేల బోర్డులు దించి అమ్మాలనుకునేవాడు చిప్పు ప్లాస్టిక్‌ను నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, లోపలి సిలికాన్ ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టించుకోగలడు. ఆ ముక్క మీద కంపెనీ లోగో, డిజైన్ చేసిన సంవత్సరం చాలాసార్లు చెక్కి ఉంటాయి. పైన ఎంత గీకినా అవి చెరగవు. రిపేరు బల్ల ముందు కూర్చున్నవాడి దగ్గర ఉండేది మల్టీమీటరు, ఒకే ఒక్క బోర్డు.

అయినా పని సాగుతుంది. చిప్ నోరు విప్పకపోయినా చుట్టుపక్కల పార్టులు చెప్పేస్తాయి. నా ఐదు కాళ్ల చిప్పునే చూడండి. మూడు ఒకవైపు, రెండు మరోవైపు కాబట్టి కాళ్ల లెక్క తప్పదు. మల్టీమీటరు బీప్ మోడ్‌లో (రెండు చోట్లు కలిసి ఉంటే కూసే మోడ్) చూస్తే రెండో కాలు గ్రౌండ్, నాలుగోది 5 వోల్టుల సప్లైకి, మూడోది పక్కనున్న కాయిల్‌కి, ఐదోది రెండు రెసిస్టర్ల నడిమికి. ఇక సందేహం లేదు, వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్. రెసిస్టర్ల మీద 104, 223 అని ఉంది, అంటే 100 కిలో ఓమ్‌లు, 22 కిలో ఓమ్‌లు. కాలిపోయిన చిప్పు దగ్గర అవుట్‌పుట్ కొలవలేం గానీ, దాన్నుంచి సప్లై తీసుకునేది 3.3 వోల్టుల ఫ్లాష్ మెమరీ. ఆ 3.3ను రెండు రెసిస్టర్ల మొత్తం 122తో భాగించి 22తో గుణిస్తే, ఐదో కాలి దగ్గర ఉండాల్సిన వోల్టేజీ 0.595. చిప్ ఆ కాలి వోల్టేజీని పోల్చి చూసుకునే కొలమానం, అంటే రిఫరెన్స్, 0.6 వోల్టులన్నమాట. ఇదే కాళ్ల వరుసతో, ఇదే 0.6తో బక్ కన్వర్టర్లు చేసే కంపెనీలు చాలానే ఉన్నాయి. కరెంటు సరిపోతుందా, ఫ్రీక్వెన్సీ ఆ కాయిల్‌కి కుదురుతుందా అని చూసుకుని ఒకటి వేశాను, బోర్డు లేచింది. పాత చిప్ పేరేంటో ఇప్పటికీ తెలీదు.

చిప్పుకు తాళం వేసినట్టు లయ ఇచ్చే క్రిస్టల్ మీది అంకె కూడా గుట్టు విప్పుతుంది. 32.768 కిలోహెర్ట్జ్ ఉంటే అక్కడ గడియారం నడుస్తున్నట్టే: 32,768ని 15 సార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క టిక్కు. నెట్‌వర్క్ పోర్టు దగ్గర 25 మెగాహెర్ట్జ్ కనిపిస్తే ఆ పక్క చిప్ ఈథర్నెట్‌ది అయ్యుండాలి. ఎస్‌పీఐ అనే సీరియల్ తీగల మీద మాట్లాడే ఎనిమిది కాళ్ల ఫ్లాష్ మెమరీ అయితే మరీ సులువు. హెక్స్ 9ఎఫ్ కమాండ్ పంపితే తన కంపెనీ కోడ్ తనే చెబుతుంది: విన్‌బాండ్‌కి ఇఎఫ్, మాక్రోనిక్స్‌కి సీ2, గిగాడివైస్‌కి సీ8. ఐ2సీ (రెండు తీగల మీద చిప్పులను అడ్రస్‌తో పిలిచే పద్ధతి) దగ్గర మాత్రం తొందరపడితే బోల్తా పడతాం. హెక్స్ 68 అడ్రస్‌లో డీఎస్3231 గడియారమూ పలుకుతుంది, ఎంపీయూ6050 మోషన్ సెన్సరూ పలుకుతుంది. అడ్రస్ చూసి పేరు పెట్టేయకూడదు.

ఆ మాటకొస్తే పేరు ఉన్న చిప్పునూ పూర్తిగా నమ్మలేం. ఎఫ్‌టీడీఐ కంపెనీ పేరుతో యూఎస్‌బీ సీరియల్ చిప్పుల నకిలీలు మార్కెట్‌ను ముంచెత్తాయి. 2014లో ఒక నకిలీని తెరిచి ఫొటో తీస్తే, లోపల అసలు డిజైన్‌తో పోలికే లేని మరో సిలికాన్ బయటపడింది. అదే ఏడాది అక్టోబరులో ఎఫ్‌టీడీఐ డ్రైవర్ అప్‌డేట్ నకిలీల ప్రొడక్ట్ ఐడీని (కంప్యూటర్ పరికరాన్ని గుర్తుపట్టే అంకె) సున్నా చేసేసింది. తెలియక కొన్నవాళ్ల పరికరాలు రాత్రికి రాత్రే మూగబోయాయి, గొడవ లేచాక కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. నకిలీ చేసినవాడు అక్షరాలు అచ్చంగా దించాడు కాబట్టే వాళ్లంతా మోసపోయారు. అందుకే నేను పేరు కన్నా కాళ్ల దగ్గర కొలిచిన వోల్టేజీనే ఎక్కువ నమ్ముతాను.

ఈ పద్ధతి చేతులెత్తేసేది మైక్రోకంట్రోలర్ (లోపల ప్రోగ్రామ్ ఉంచుకుని నడిచే చిప్) దగ్గర. జేట్యాగ్ అనే పరీక్షల దారి తెరిచి ఉంటే 32 బిట్ల ఐడీ కోడ్ చదివి ఏ చిప్పో తేల్చుకోవచ్చు. కానీ తేలినా లాభం తక్కువ: లోపలి ప్రోగ్రామ్ లేకపోతే కొత్త చిప్ ఖాళీ పలక. చాలా మైక్రోకంట్రోలర్లలో ఆ ప్రోగ్రామ్ బయటికి చదవకుండా తాళం వేసే సదుపాయమూ ఉంటుంది. దాచాల్సింది నిజంగా ఏదైనా ఉంటే అది ఆ ప్రోగ్రామే, దానికి తాళం చిప్పుతోనే వస్తోంది. మరి మామూలు బక్ కన్వర్టర్ నెత్తిన గరుకు కాగితం ఎందుకు రుద్దుతున్నారో వాళ్లే చెప్పాలి.